దేశం మొత్తం వైద్య ఖర్చు ఏటికేడు ఇలా పెరగడానికి అసలు కారణం ఏంటి?

బెజవాడ_భాను
నాన్న పాలసీ రెన్యువల్ నోటీసు వచ్చింది. ఆయనకి 68, ఇంతవరకు ఒక్క క్లెయిమ్ లేదు, అయినా ప్రీమియం మళ్ళీ పెంచారు. 60 దాటినవాళ్ళకి ఏడాదిలో 10 శాతం మించి పెంచాలంటే ముందు తనని అడగాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2025 జనవరిలో చెప్పింది కాబట్టి ఆ లోపే ఆపారు, కానీ ఏటా 10 శాతం అంటే ఏడేళ్ళలో దాదాపు రెట్టింపు అవుతుంది కదా. 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ 18 శాతం తీసేశారని సంతోషపడ్డాం, ఆ తగ్గింది కాస్తా రెండు రెన్యువల్స్‌కే సరి. కస్టమర్ కేర్ అబ్బాయిని అడిగితే "మెడికల్ ఇన్‌ఫ్లేషన్ సార్" అని ఒకటే మాట. నాకు ఆ ఇన్‌ఫ్లేషన్ లోపల ఏముందో తెలియాలి. ప్రభుత్వ లెక్కల్లోనే 2021-22లో దేశం మొత్తం ఆరోగ్యానికి పెట్టింది 9 లక్షల కోట్లు దాటింది. ఇది ముసలివాళ్ళు పెరగడం వల్లా, జబ్బులు పెరగడం వల్లా, మందుల వల్లా, ఆసుపత్రుల వల్లా? తెలిసినవాళ్ళు విడమర్చి చెప్పండి. పార్టీల గొడవ మాత్రం వద్దు ప్లీజ్.

కడప_కారం
దోపిడీ. ఒక్క ముక్కలో అయిపోయింది.

లెక్కల_మాస్టారు
కారం గారూ, అంత తొందరెందుకండీ. ఖర్చు పెరగడం వేరు, రేటు పెరగడం వేరు. దేశం ఖర్చు పెరిగిందంటే అందులో నాలుగు కలిసుంటాయి. జనం పెరిగారు. పెద్ద వయసువాళ్ళు పెరిగారు. ఒక్కో మనిషి ఏడాదిలో చేయించుకునే వైద్యం పెరిగింది. ఒక్కో వైద్యానికి పడే రేటు పెరిగింది. మొదటి మూడింటిలో కొంత మంచి కూడా ఉంది. మా ఊళ్ళో మా చిన్నప్పుడు గుండె నొప్పి వస్తే "గాలి తగిలింది" అని పడుకోబెట్టేవాళ్ళు, తెల్లారేసరికి మనిషి ఉండేవాడు కాదు, ఖర్చు సున్నా. ఇప్పుడు అదే మనిషి 108 ఎక్కి జిల్లా కేంద్రానికి వెళ్ళి స్టెంట్ వేయించుకుని మళ్ళీ పొలానికి వెళ్తున్నాడు. అది కూడా "పెరిగిన వైద్య ఖర్చే".

ఇంకో మాట. నేషనల్ హెల్త్ అకౌంట్స్, అంటే కేంద్రం వేసే ఆరోగ్య ఖర్చుల లెక్క ప్రకారం 2014-15లో మొత్తం ఖర్చులో 62.6 శాతం జనం జేబులోంచి నేరుగా కట్టింది. 2021-22కి అది 39.4 అయింది. ప్రభుత్వ వాటా 29 నుంచి 48 శాతానికి వచ్చింది. అది కోవిడ్ ఏడాది, టీకాలూ ఆక్సిజన్ ప్లాంట్లూ అన్నీ కలిసి ప్రభుత్వ ఖర్చు కాస్త ఎక్కువ కనబడుతుంది, సరే. అయినా దిశ అయితే అది. ఇంకా చెప్పాలంటే మన ప్రభుత్వాలన్నీ కలిపి పెట్టింది జీడీపీలో 1.84 శాతమే, 2017 జాతీయ ఆరోగ్య పాలసీలో 2025కల్లా రెండున్నర శాతం చేస్తామని రాసుకున్నారు. కాబట్టి మన దేశం ఎక్కువ ఖర్చు పెడుతోందన్న మాటకే నేను ఒప్పుకోను. తక్కువ పెడుతోంది, అదీ తప్పు చోట.

వరంగల్_శీను
సార్, పర్సెంటేజ్ తగ్గిందంటే మా ఇంట్ల రూపాయి తగ్గాలె కదా, తగ్గలే. మా అవ్వకు షుగర్, బీపీ, థైరాయిడ్. నెలనెలా గోలీలు, మూడు నెలలకోసారి టెస్టులు, డాక్టర్ ఫీజు, ఇవేవీ ఆరోగ్యశ్రీల రావు, ఇన్సూరెన్స్‌ల రావు. బెడ్డు మీద పడుకుంటెనే కార్డు పనిచేస్తది. పడుకోకుండ ఉండడానికి అయ్యే ఖర్చు మాత్రం మనదే. నాకైతే గిదే పెద్ద తప్పు అనిపిస్తది.

కడప_కారం
శీను అన్న చెప్పింది కరెక్ట్. మాస్టారు, శాతాలు చూసి సంతోషపడేది గవర్నమెంటు, బిల్లు చూసి ఏడ్చేది మేము.

టీపీఏ_తిరుపతి
నేను క్లెయిమ్స్ ఆఫీసులో పనిచేస్తా, రోజంతా బిల్లులు చూడటమే పని. భాను గారు అడిగిన "లోపల ఏముంది" అన్నదానికి ఒక బిల్లు ఎలా ఉంటుందో చెప్తా, పేర్లు వద్దు.

అపెండిక్స్ ఆపరేషన్ అనుకోండి. జనరల్ వార్డు, ట్విన్ షేరింగ్, సింగిల్, డీలక్స్, ఇలా గదులుంటాయి. గది అద్దె మాత్రమే మారుతుందని అందరూ అనుకుంటారు. కాదు. గది మారితే సర్జన్ ఫీజు మారుతుంది, మత్తు డాక్టర్ ఫీజు మారుతుంది, థియేటర్ ఛార్జీ మారుతుంది, చాలాచోట్ల రక్తపరీక్ష రేటు కూడా మారుతుంది. అదే డాక్టరు, అదే థియేటరు, అదే కత్తి. పేషెంటు మెలకువ వచ్చాక ఏ గదిలో పడుకుంటాడన్నదాన్ని బట్టి ఆపరేషన్ రేటు!! పాలసీలో గది అద్దెకి లిమిట్ ఉండి మీరు దానికి మించిన గది తీసుకుంటే, మేము ఒక్క అద్దె తేడానే కాదు సర్జన్, మత్తు డాక్టర్, థియేటర్ ఛార్జీలు కూడా అదే నిష్పత్తిలో కోస్తాం, ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారు. డిశ్చార్జ్ రోజు సాయంత్రం కౌంటర్ దగ్గర గొడవలన్నీ ఎక్కువగా ఇక్కడే.

తర్వాత కన్స్యూమబుల్స్. గ్లౌజులు, సిరింజీలు, క్యాన్యులా, డ్రేప్, అండర్‌ప్యాడ్. ఒక్కోటి చిన్న మొత్తమే, పేజీలకి పేజీలు ఉంటాయి. 2018లో మందుల ధరల నియంత్రణ సంస్థ ఎన్‌పీపీఏ ఢిల్లీ చుట్టుపక్కల నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు తీసి చూస్తే కొన్నిటి మీద మార్జిన్ 1,737 శాతం దాకా తేలింది. అది కూడా ఎంఆర్‌పీకి లోబడే, అంటే చట్టప్రకారం తప్పు లేదు.

అడ్మిషన్ దగ్గర మొదటి ప్రశ్న గుర్తు తెచ్చుకోండి, "క్యాషా, ఇన్సూరెన్సా?" ఎందుకు అడుగుతున్నారో ఆలోచించండి.

మందులకొట్టు_మురళి
తిరుపతి గారు ఎంఆర్‌పీ అన్నారు కాబట్టి చెప్తున్నా. బయట ఏ వస్తువైనా పోటీ ఉంటే రేటు తగ్గుతుంది. ఆసుపత్రికి సరఫరా చేసే సరుకులో మాత్రం పోటీ ఉంటే ఎంఆర్‌పీ పెరుగుతుంది. కంపెనీ వచ్చి "మీకు ఇంతకి ఇస్తాం, మీద ఇంత ముద్రిస్తాం" అంటుంది. ఎవరు ఎక్కువ ముద్రిస్తే వాళ్ళ సరుకు కొంటారు, ఎందుకంటే మధ్యలో మిగిలేది ఆసుపత్రికి. కొనేది ఒకరు, రాసేది ఒకరు, కట్టేది ఒకరు. ఆ మంచం మీద ఉన్న మనిషి "ఈ ఇంజెక్షన్ బయట తెచ్చుకుంటా" అంటే ఒప్పుకునే చోట్లు ఎన్ని?

రేటు కంట్రోల్ ఉన్న మందులూ ఉన్నాయి, అవసరమైన మందుల జాబితాలో ఉన్నవి. వాటికి కూడా ఏటా టోకు ధరల సూచీ ఎంత పెరిగితే అంత పెంచుకోవచ్చు, 2022లో పదిన్నర శాతం పైన, 2023లో 12 శాతం పైన పెరిగాయి. దానికి తోడు ఒక మందుకి రేటు కడితే దానికి ఇంకోటి కలిపి కాంబినేషన్ బిళ్ళ తెస్తారు, అది జాబితాలో ఉండదు.

హైటెక్_హరి
మరి 2017లో స్టెంట్లకి రేటు కట్టారుగా? లక్ష పైన అమ్మేది 29,600కి వచ్చింది. మోకాలి చిప్పలకి కూడా అదే ఏడాది ఆగస్టులో కట్టారు. అది పనిచేసిందనే అనుకుంటున్నా.

మందులకొట్టు_మురళి
స్టెంట్ రేటు తగ్గింది హరీ, అందులో అనుమానం లేదు. ప్యాకేజీ అంత తగ్గిందా? స్టెంట్ మీద పోయింది ప్రొసీజర్ ఛార్జీలోకి, క్యాథ్‌ల్యాబ్ ఛార్జీలోకి, రక్తనాళం తెరిచే బెలూన్‌లోకి వెళ్ళింది. బెలూన్ ఒకవైపు నొక్కితే ఇంకోవైపు ఉబ్బుతుంది కదా.

హైటెక్_హరి
గుండెలో బెలూన్ గురించి చెప్తూ బెలూన్ సామెత. మురళి గారికి పూర్తి మార్కులు 😄

కర్నూలు_డాక్టరమ్మ
అందరూ ఆసుపత్రి మీద పడ్డారు కాబట్టి మా వైపు కూడా వినండి. నాది ముప్పై పడకల నర్సింగ్ హోమ్, కార్పొరేట్ కాదు. కరెంటు కమర్షియల్ రేటు, ఫైర్ ఎన్‌ఓసీ, బయోవేస్ట్ వాడికి నెలనెలా, అల్ట్రాసౌండ్ మెషిన్ ఈఎంఐ, దానికి ఏటా మెయింటెనెన్స్ (ఏఎంసీ), రాత్రి డ్యూటీ డాక్టర్ జీతం. పెద్ద మెషిన్లు ఎక్కువ భాగం దిగుమతే, డాలర్ పెరిగితే మాకూ పెరుగుతుంది. ప్రైవేటులో పీజీ సీటు మేనేజ్‌మెంట్ కోటాలో కొనుక్కున్న పిల్లలు అప్పుతో బయటికొస్తున్నారు, ఆ అప్పు ఎవరి బిల్లులో తీరుతుందో మీరే చెప్పండి.

ఆరోగ్యశ్రీ ప్యాకేజీ రేట్లు ఏళ్ళ తరబడి కదలవు, ఆ డబ్బు కూడా నెలల తర్వాత వస్తుంది. రెండు రాష్ట్రాల్లోనూ బకాయిల కోసం నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపుతామన్న వార్తలు మీరూ చూశారు. ఆ లోటు ఎక్కడో పూడాలి, క్యాష్ పేషెంటు దగ్గరా ఇన్సూరెన్స్ పేషెంటు దగ్గరా పూడుతుంది. ఇది మంచిదని అనట్లేదు, జరిగేది ఇది.

ఇక టెస్టులు. తలనొప్పితో వచ్చిన మనిషిని చేత్తో చూసి "ఏం లేదమ్మా, నిద్ర సరిపోవట్లేదు" అంటే "స్కాన్ రాయలేదు, ఈ డాక్టరమ్మకి ఏం తెలీదు" అని వెళ్ళిపోతారు. స్కాన్ రాయకపోయి ఏదైనా తేడా వస్తే బంధువులు అద్దాలు పగలగొడతారు. రెండూ నేను చూశాను. నాకు పేషెంటు చెప్పేది పావుగంట వినడానికి డబ్బులిచ్చేవాళ్ళు లేరు, స్కాన్‌కి ఇస్తారు.

కడప_కారం
డాక్టరమ్మా, చిన్న నర్సింగ్ హోమ్‌ల మీద నాకు కోపం లేదు. నెలకి ఇన్ని అడ్మిషన్లు, ఇన్ని సర్జరీలు అని డాక్టర్లకి టార్గెట్ పెట్టే చోట్ల సంగతే నేనంటున్నా.

కర్నూలు_డాక్టరమ్మ
అది నిజమే. నా బ్యాచ్‌మేట్లు కొందరు అది తట్టుకోలేకే మానేసి వచ్చారు. పెద్ద ఆసుపత్రుల్లో పెట్టుబడి ఫండ్లు డబ్బు పెట్టాక నాలుగైదేళ్ళలో లాభానికి అమ్మి వెళ్ళాలి కదా, ఒక్కో పడకకి రోజుకి ఎంత వచ్చిందన్నదే వాళ్ళ లెక్క.

పల్నాటి_సుబ్బారావు
అసలు రూటు ఊళ్ళోంచే మొదలవుద్ది. మా దగ్గర ఆర్ఎంపీ సైన్ పెడితేనే టౌన్ ఆసుపత్రి. పేషెంటు బిల్లులో వాటా ఆయనకి, స్కాన్‌లో వాటా, ల్యాబ్‌లో వాటా. పీఆర్వోలు బైకులేసుకుని ఊరూరా తిరిగి ఆర్ఎంపీలకి పండక్కి బట్టలు పెట్టిపోతారు. అలాగని ఆయన్ని తిట్టలేం, అర్ధరాత్రి పిల్లోడికి జ్వరమొస్తే తలుపు తీసేది ఆయనొక్కడే, పీహెచ్‌సీ డాక్టరు గుంటూరు నుంచి పొద్దున పదింటికి వస్తాడు. ఖాళీ వదిలిందెవరు, అందులో వచ్చి కూర్చుందెవరు?

వరంగల్_శీను
సుబ్బారావన్న అసలు పాయింట్ పట్టిండు.

నిజామాబాద్_లత
టార్గెట్లూ కమీషన్లూ అంటున్నారు, నేను అంకె ఒకటి పెడతా. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5, అంటే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ఒక్క ప్రైవేటే తీసుకుంటే 81.5. దేశం మొత్తం 21.5. మన ఆడవాళ్ళ శరీరాలు మిగతా దేశం కంటే మూడు రెట్లు వేరుగా ఉన్నాయా? ఆంధ్రలో 42.4, వాళ్ళూ తక్కువేం లేరు. గర్భసంచి తీయించుకున్నవాళ్ళు 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో రెండు రాష్ట్రాల్లోనూ 8 శాతం పైనే, దేశం సగటు 3 చుట్టూ. పొలం పనికెళ్ళే ముప్పై ఐదేళ్ళ మనిషికి తెల్లబట్ట అవుతోందని వెళ్తే "క్యాన్సర్ అవుతుంది, తీసేద్దాం" అంటారు. ఆ తర్వాత జీవితాంతం నడుం నొప్పి, కాల్షియం గోలీలు, ఆ ఖర్చు ఎవరి లెక్కలోకీ రాదు.

హైటెక్_హరి
లతగారూ, సిజేరియన్‌లో ముహూర్తాల సంగతి కూడా చెప్పాలి కదా. మా ఇంట్లోనే పంతులుగారు టైమ్ రాసిచ్చాక డాక్టర్‌కి ఫోన్ చేశారు.

నిజామాబాద్_లత
ముహూర్తం ఉంది, నొప్పుల భయం ఉంది, కాదనను. కానీ మా చెల్లిని పన్నెండు గంటలు ఓపిగ్గా చూసుకునే మనిషి ఆ ఆసుపత్రిలో లేదు. ఉన్న ఇద్దరు నర్సులు నాలుగు వార్డులకి. డాక్టర్‌కి నార్మల్ అయితే రాత్రంతా జాగారం, ఆపరేషన్ అయితే గంటలోపు పని, డబ్బు రెట్టింపు పైన. తెలంగాణలో సర్కారు దవాఖానాల్లో నర్సులకి మిడ్‌వైఫ్ ట్రైనింగ్ ఇచ్చారు, అలాంటివాళ్ళు పక్కనే కూర్చుంటే అమ్మాయికి భయం తగ్గుతుంది. ఆ ధైర్యం ఇవ్వకుండా "పేషెంటే అడిగింది" అంటే ఎలా.

సిస్టర్_మేరీ
నర్సుల మాట వచ్చింది కాబట్టి. ఎవరో పైన జీతాలు అన్నారు. ప్రైవేటులో నా జీతం 22 వేలు, ఐసీయూ. బిల్లులో "నర్సింగ్ ఛార్జెస్" అని రోజుకి ఒక్కో పేషెంటు మీద వేసేది, నేను చూసే పేషెంట్లతో గుణిస్తే వారంలోనే నా నెల జీతం వచ్చేస్తుంది. కాబట్టి వైద్య ఖర్చు పెరగడానికి స్టాఫ్ జీతాలు కారణం అనొద్దు దయచేసి.

డల్లాస్_దుర్గ
ఇక్కడి సంగతి చెప్తా, ఎందుకంటే మన దేశం కూడా ఈ దారిలోకే వస్తోందని భయంగా ఉంది. అమెరికా 2023లో ఆరోగ్యానికి పెట్టింది 4.9 ట్రిలియన్ డాలర్లు, జీడీపీలో 17.6 శాతం, మనిషికి 14,570 డాలర్లు. 1960లో ఇది 5 శాతం దగ్గర ఉండేది. ఇక్కడ కూడా మొదట అందరూ ముసలితనం, ఊబకాయం, జనం ఊరికే డాక్టర్ దగ్గరికి పరిగెత్తడం అనే అన్నారు. ఊవే రైన్‌హార్ట్ అనే ఎకనామిస్టూ ఇంకొందరూ 2003లో వేరే దేశాలతో పోల్చి చూస్తే అమెరికా వాళ్ళు డాక్టర్ దగ్గరికి వెళ్ళేది, ఆసుపత్రిలో పడుకునేది ఎక్కువేం కాదు, ఒక్కోదానికి కట్టే రేటే ఎక్కువ అని తేల్చారు. జపాన్‌లో అరవై ఐదు దాటినవాళ్ళు జనాభాలో దాదాపు 29 శాతం, అమెరికా కంటే చాలా ముసలి దేశం, ఖర్చు మాత్రం జీడీపీలో చాలా తక్కువ. అక్కడ ప్రతి టెస్టుకి, ప్రతి ఆపరేషన్‌కి దేశం మొత్తానికి ఒకటే రేటు, రెండేళ్ళకోసారి కూర్చుని సవరిస్తారు.

ఇక్కడ ఇన్సూరెన్స్ ఉన్నా మా పాపకి చెయ్యి విరిగితే ఎమర్జెన్సీ బిల్లు ఒకటి, డాక్టర్‌ది వేరే, ఎక్స్‌రే చదివినాయనది ఇంకోటి, నెల రోజుల పాటు పోస్టులో వస్తూనే ఉన్నాయి. మెడికేర్ (పెద్దవాళ్ళకి ఇక్కడి ప్రభుత్వ బీమా) మందుల కంపెనీలతో బేరం ఆడటానికి 2022లో చట్టం చేస్తే గానీ కుదరలేదు, మొదటి పది మందుల రేట్లు 2026 జనవరి నుంచి అమలు.

లెక్కల_మాస్టారు
దుర్గ గారు చెప్పిన జపాన్ విషయం చాలా ముఖ్యం. ముసలితనం ఖర్చు పెంచుతుంది గానీ నెమ్మదిగా పెంచుతుంది, ఏటా 10 శాతం చొప్పున కాదు. కానీ మనకి ఒక తేడా ఉంది. మనకి జబ్బు తొందరగా వస్తోంది. కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ సర్వే 2023లో అచ్చయింది, దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైన. వాళ్ళకి నలభైల్లోనే మొదలైతే ముప్పై ఏళ్ళు మోయాలి. ఇవాళ కంట్రోల్ చేయని షుగర్ పదేళ్ళ తర్వాత డయాలసిస్‌గా, పాదం తీసేసే ఆపరేషన్‌గా వస్తుంది.

సిక్కోలు_చిట్టి
డయాలసిస్ అన్నారు కాబట్టి శ్రీకాకుళం జిల్లాలో మా ఉద్దానం గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను. మాకు షుగర్ లేకుండానే కిడ్నీలు పోతున్నాయి, కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. జీడితోటల్లో, కొబ్బరి తోటల్లో పని చేసేవాళ్ళు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, రీసెర్చ్ సెంటర్ 2023 డిసెంబర్‌లో మొదలైంది, తాగునీటి పథకం వచ్చింది, డయాలసిస్ ఉచితమే. అయినా మా పెదనాన్నని వారానికి రెండుసార్లు ఆటోలో తీసుకెళ్ళాలి, తోడు ఒకరు కూలి మానుకోవాలి, మధ్యాహ్నం తిండి, రక్తం తక్కువైతే ఇంజెక్షన్. ఉచిత వైద్యం ఉన్న ఇంట్లోనే రెండు సెంట్ల స్థలం అమ్ముకున్నాం. ఈ డబ్బు దేశం లెక్కలో ఎక్కడ రాస్తారు మాస్టారూ?

లెక్కల_మాస్టారు
పోయిన కూలి రాయరు తల్లీ. ఆటో ఖర్చు మాత్రం సర్వేలో అడుగుతారు.

బెజవాడ_భాను
చదువుతుంటే బాధేస్తోంది చిట్టి గారూ. సరే, నా ప్రశ్న ఇంకోలా అడుగుతా. ప్రభుత్వమే ఆరోగ్యశ్రీ కింద 2007 నుంచి కొంటోంది, ఆయుష్మాన్ భారత్ 2018 నుంచి ఉంది, 70 దాటిన అందరికీ 2024 అక్టోబర్ నుంచి 5 లక్షల కవర్ ఇచ్చారు. ఇంత పెద్ద కొనుగోలుదారు ఉంటే జపాన్‌లా రేట్లు దిగిరావాలి కదా, ఎందుకు రావట్లేదు?

కర్నూలు_డాక్టరమ్మ
ఎందుకంటే కొనేది ఎక్కువగా ఆపరేషన్లే కదా భానూ. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలుపెట్టినప్పుడు అది అవసరమే, గుండె ఆపరేషన్ కోసం సీఎం ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్ళు జనం. ఎన్నో పసిగుండెలు బాగుపడ్డాయి, నేను కళ్ళారా చూశాను. కానీ ఆపరేషన్‌కి డబ్బిస్తే ఆపరేషన్లు పెరుగుతాయి. బీపీ గోలీ సరిగ్గా వేసుకునేలా చూసినందుకు ఎవరికీ పైసా రాదు. థాయ్‌లాండ్ 2002లో పథకం మొదలుపెట్టినప్పుడు మనిషికి ఇంత అని ముందే లెక్కగట్టి ఊరి దగ్గరి ఆసుపత్రికే ఇచ్చింది, జనం బాగుంటే ఆ డబ్బు మిగులుతుంది, మంచం పడితే ఖర్చవుతుంది. దాంతో వాళ్ళ ఆలోచనే మారిపోయింది.

హైటెక్_హరి
మేడమ్, అలా ముందే ఇస్తే మన దగ్గర "రేపు రండి, మందులు లేవు" అని పంపేస్తారు. మీరు మనుషుల్ని మరీ నమ్ముతున్నారు. నాకైతే పోటీ పెరగాలి, రేట్లన్నీ బోర్డు మీద పెట్టాలి, జనమే చూసి ఎంచుకుంటారు అనిపిస్తుంది.

టీపీఏ_తిరుపతి
హరి గారూ, గుండెనొప్పితో వచ్చినాయన బోర్డు చదివి పక్క ఆసుపత్రికి వెళ్తాడా? మోకాళ్ళకీ కంటికీ మీ మాట పనిచేస్తుంది, అక్కడ ఇప్పటికే బేరాలు ఆడుతున్నారు. ఐసీయూకి పనిచేయదు.

హైటెక్_హరి
ఐసీయూ వరకు ఒప్పుకుంటున్నా. ల్యాబ్ టెస్టులకీ మందులకీ నా మాటే నిలబడుతుంది. ఆన్‌లైన్ వచ్చాక మా ఏరియాలో ల్యాబ్ రేట్లు తగ్గాయి కదా.

వరంగల్_శీను
ల్యాబ్ అంటే గుర్తొచ్చింది, సర్కారు తెలంగాణ డయాగ్నస్టిక్స్ పెట్టినంక మా అవ్వ టెస్టులు పీహెచ్‌సీలనే రక్తం తీసుకుంటున్నరు, రిపోర్ట్ ఫోన్‌కొస్తది, రూపాయి లేదు. గా ల్యాబ్ నడిచిన నెలల్ల మా ఖర్చు నిజంగ తగ్గింది. కెమికల్స్ అయిపోయిన నెలల మళ్ళ ప్రైవేటే. హరీ, పోటీ సంగతి తర్వాత, గా కెమికల్స్ టైమ్‌కు తెప్పిస్తే సాలు మాకు.

మందులకొట్టు_మురళి
తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ 1995 నుంచి అదే చేస్తోంది. టెండర్లు, ప్రతి బ్యాచ్‌కి క్వాలిటీ టెస్ట్, ఏ ఆసుపత్రి ఎంత వాడిందో పాస్‌బుక్. నేను మందులు అమ్ముకునేవాణ్ణి, అయినా చెప్తున్నా, ప్రభుత్వం కొనే రేటు చూస్తే మా కొట్లో రేటుకి దానికి పోలికే ఉండదు. మనకీ అలాంటి కార్పొరేషన్లు రెండు రాష్ట్రాల్లో ఉన్నాయి, సప్లయర్‌కి డబ్బు టైమ్‌కి ఇవ్వకపోతే మంచి కంపెనీలు టెండర్ వేయవు, ఆ తర్వాత ఎవరు వేస్తారో తెలుసు కదా.

కడప_కారం
అంటే నేను మొదట్లో చెప్పిన దోపిడీనే, కాకపోతే మీరు భాగాలుగా పంచారు.

సిస్టర్_మేరీ
భాగాలుగా చెప్తేనే కదా కారం అన్నా ఎక్కడ పట్టుకోవాలో తెలిసేది. దోపిడీ అని ఊరుకుంటే నన్నూ డాక్టరమ్మనీ కూడా అందులోనే కలిపేస్తారు.

కడప_కారం
మిమ్మల్ని అనలేదు చెల్లెమ్మా. నా కోపం ఆ గది అద్దె లెక్క మీద. అది ఇప్పుడే తెలిసింది నాకు, ఒళ్ళు మండిపోతోంది.

బెజవాడ_భాను
తిరుపతి గారూ, ఇవన్నీ మారేలోపు నాన్న రెన్యువల్ సంగతి చూడాలి. కంపెనీ మారితే పాత జబ్బులకి క్లెయిమ్ రాని వెయిటింగ్ పీరియడ్ మళ్ళీ మొదలవుతుందా? ఆయనకి బీపీ ఉంది.

టీపీఏ_తిరుపతి
పోర్ట్ చేస్తే, అంటే పాలసీని కొత్త కంపెనీకి మార్చుకుంటే, ఇప్పటికి గడిచిన వెయిటింగ్ పీరియడ్ కొత్త కంపెనీలోనూ లెక్కలోకి వస్తుంది, పాత సమ్ ఇన్సూర్డ్ (కవర్ మొత్తం) మేరకు. రెన్యువల్ తేదీకి కనీసం నెలన్నర ముందు అప్లై చేయండి, కొత్తవాళ్ళు కాదనే హక్కు వాళ్ళకుంది కాబట్టి ఒప్పుకునేదాకా పాతది వదలొద్దు. గది అద్దెకి లిమిట్ లేని ప్లానే చూడండి, కో-పే, అంటే బిల్లులో మీరు కట్టాల్సిన వాటా ఎంతో చూడండి. బీపీ ఉందని ప్రపోజల్‌లో రాయండి, ఏజెంట్ వద్దన్నా సరే రాయండి. నేను రిజెక్ట్ అవ్వడం చూసే క్లెయిమ్స్‌లో ఎక్కువ అక్కడ దాచినవే.

బెజవాడ_భాను
ఇంకా రెండు నెలలుంది. ఈ ఆదివారమే కూర్చుంటా.